ఇద్దరు దుర్గవ్వల రుజువు

శంషాబాద్ మండలం, మన ఊరు
18 ఆగస్టు 2025

బిడ్డా మనీషా,

నేను మీ నాయనమ్మను, పెద్ద దుర్గవ్వను. బతికే ఉన్నాను. ఈ మాట అన్నిటికన్నా ముందు ఎందుకు రాయిస్తున్నానో చదివితే నీకే తెలుస్తుంది.

ఫోన్ చేయవచ్చు కదా అంటావు. ఫోన్‌లో చెప్పిన మాట గాలికి పోతుంది. మన ఇంటి మీద విమానం దిగే మోతకు సగం మాట అంతకంటే ముందే పోతుంది. ఇది కేసు. కేసు కాగితం మీద ఉండాలి. నాకు అక్షరం రాదు కనుక ఎదురింట్లో కిరాయికి ఉండే పట్టాభిరామయ్య సారు చేత రాయిస్తున్నాను. ఆయనది గుంటూరు వైపు. పోస్టాఫీసులో చేసి రిటైరయ్యాడు. నేను ఒకటి చెబితే ఆయన దాన్ని ఉతికి ఇస్త్రీ చేసి రాస్తాడు. "నేను చెప్పింది చెప్పినట్టు రాయరాదు సారూ" అంటే, "రాతలో అలా ఉండకూడదండీ దుర్గవ్వ గారూ" అంటాడు. సరే, బట్టలు ఆయనవి, మనిషిని నేనే.

కేసు ఇది. సర్పంచ్ ఎన్నికలు వస్తున్నాయని ఓటరు లిస్టు బడి గోడకు అంటించారు. పాలు పోసే శంకరయ్య చదివి వచ్చి, "పెద్దవ్వా, దుర్గవ్వ అని ఒక్కటే పేరున్నది. రెండోది కొట్టేసిన్రు" అన్నాడు. చెప్పులు వేసుకోకుండా పోయాను. ఆ లిస్టు పని బడిలో పాఠాలు చెప్పే సునీత టీచరుకు ఇచ్చారు. ఆమె నా చెయ్యి పట్టుకొని, "కంప్యూటర్‌ల ఇద్దరు ఒక్కరే అని వచ్చిందవ్వా. పేరు దుర్గవ్వ, భర్త పేరు కుర్మయ్య, ఇంటి నంబరు 4-17, పుట్టింది 1950 జనవరి ఒకటి. ఒక్క మనిషికి రెండు ఓట్లుంటయా?" అన్నది.

నీకు తెలిసిన సంగతే అయినా కేసులో ఉండాలి కనుక చెబుతున్నాను. మా నాయనకు పిల్లలు నిలవకపోతే దుర్గమ్మకు మొక్కాడు. నేను నిలిచాను. దుర్గవ్వ అని పెట్టాడు. మొక్కు పెద్దది, ఒక్క పేరుతో తీరిందో లేదోనని నాలుగేళ్ల తర్వాత పుట్టిన నా చెల్లెకూ అదే పేరు పెట్టాడు. మీ తాత ఇంట్లో కూడా అదే తీరు: పెద్ద కుర్మయ్య, చిన్న కుర్మయ్య. పెద్దదాన్ని పెద్దాయనకు, చిన్నదాన్ని చిన్నాయనకు చేశారు. ఊళ్లో పెద్ద, చిన్న అంటే చాలు, ఎవరూ పరేషాన్ కాలేదు. కంప్యూటర్‌కు పెద్దా చిన్నా లేదట. ఇంటి నడుమ గోడ పెట్టుకున్నాం గానీ నంబరుకు గోడ పెట్టలేదు. తారీఖు సంగతి అడగకు, కార్డులు రాసినవాడు ఊళ్లో ముసలివాళ్లందరినీ ఒకే ఏడు, జనవరి ఒకటిననే పుట్టించాడు. ఫొటోలు చూపించమన్నాను. కంటి ఆపరేషన్ తర్వాత నల్లద్దాలతో దిగినవి. ఎవరు ఎవరో నాకే తెలియలేదు.

ఇది మీ చిన్న నాయనమ్మ పని. తన పేరు నిలుపుకొని నా పేరు కొట్టించింది. పదకొండేళ్ల కింద జల్‌పల్లిలో ఆమె బిడ్డ పెళ్లినాడు నేను చేసిన కూరలో ఉప్పు ఎక్కువైందని నలుగురిలో అన్నది. ఎక్కువైన మాట నిజమే. నలుగురిలో ఎందుకు అనాలి? ఆనాటి నుంచి మాటల్లేవు. ఆమె నల్లా దగ్గర ఉంటే నేను పోను. నేను గుడిలో ఉంటే ఆమె రాదు. అందుకే ఇద్దరినీ ఒక్కచోట చూసిన ఆఫీసరు ఎవడూ లేడు.

ఓటు వయసు వచ్చిన నాటి నుంచి ఒక్క ఎన్నిక తప్పలేదు నేను. నువ్వు పెద్ద అద్దం పెట్టి ఆకాశంలో ఏవి ఎన్ని ఉన్నాయో చూసి రాసే సర్కారు కొలువులో ఉన్నావు. ముద్ర వేసి, ఇంటి నంబరు 4-17లో దుర్గవ్వలు ఇద్దరు ఉన్నారని ఒక కాగితం పంపు.

చెప్పింది: పెద్ద దుర్గవ్వ (వేలిముద్ర)
రాసింది: పట్టాభిరామయ్య

(చి. మనీషాకు ఆశీస్సులు. ఆవిడ చాయ్ పెట్టడానికి లోపలికి వెళ్లారు కనుక ఈ రెండు ముక్కలు. నిన్న ఇదే ఫిర్యాదు గోడ అవతలివారికీ రాసిపెట్టాను. పేరు కొట్టించింది అక్కగారేనని ఆవిడ అంటున్నారు. ఒకరి సంగతి ఒకరికి చెప్పనని ఇద్దరికీ మాటిచ్చాను. నేను ఎదురింట్లో ఉండవలసినవాణ్ణి. గమనించగలవు.)

*

నైనితాల్ జిల్లా, కొండ మీద
27 ఆగస్టు 2025

నాయనమ్మా,

నీ ఉత్తరం వానలో తడిసి వచ్చింది. నీ వేలిముద్ర మాత్రం చెక్కుచెదరలేదు. ఇక్కడ వానాకాలం అయ్యేదాకా దూరదర్శిని మీది గుమ్మటం మూసే ఉంటుంది. నేను పాత కొలతలు ముందేసుకొని కూర్చున్నాను.

నా దగ్గర ముద్ర లేదు. ఉన్నా ఆకాశానికే చెల్లుతుంది. కానీ నీ కేసు చదివి నాకు నవ్వాగలేదు, ఎందుకంటే నాదీ అదే కేసు. మొదటి నుంచి చెబుతాను.

కోట్ల నక్షత్రాల గుంపును గెలాక్సీ అంటాం. దాని నడిమధ్య ఒక కృష్ణబిలం ఉంటుంది. కోట్ల సూర్యుళ్లంత బరువు. దాంట్లో పడిన వెలుతురు కూడా బయటికి రాదు. దానిలో పడబోయే వాయువు మాత్రం పడేముందు భగభగ మండుతుంది, మనకు కనిపించేది ఆ మంట. రెండు గెలాక్సీలు కలిసిపోతే రెండు బిలాలూ ఒకే ఇంట్లో పడతాయి. ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతాయి. కలవవు, విడిపోవు. మనకు ఎంత దూరమంటే, ఎంత పెద్ద అద్దం పెట్టినా ఒక్కటే చుక్క. ఆ చుక్కలో ఉన్నవి రెండు అని నేనంటాను. మా ప్రొఫెసర్ మీ సునీత టీచరులాగే, "ఒక్కటే కనిపిస్తోంది కదమ్మా, రుజువేది?" అంటారు.

రుజువు కోసం నేను వెలుతురు వాలును చూస్తాను. వెలుతురు తాడులా ఊగుతూ వస్తుంది. దీపం నుంచి నేరుగా వచ్చేది అన్ని వైపులకూ ఊగుతుంది. నీళ్లకో గాజుకో దుమ్ముకో తగిలి మళ్లి వచ్చేది ఒక్క వైపుకే ఎక్కువ ఊగుతుంది, ఆ వైపునే వాలు అంటున్నాను. మా పుస్తకాల్లో దాన్ని ధ్రువణ కాంతి అంటారు. ఈ కవరులో ఒక పలచటి నల్ల రేకు పెట్టాను. అది ఒక వాలున ఊగే వెలుతురునే రానిస్తుంది. కంటికి అడ్డం పెట్టి, ఎండలో నిలిచిన కారు అద్దాన్ని చూస్తూ మెల్లగా తిప్పు. మిలమిల పోయి లోపలున్నది కనిపిస్తుంది. సూర్యుణ్ణి మాత్రం చూడకు.

నా మాట విని చిన్న నాయనమ్మను వెంటబెట్టుకొని బడికి పో. ఇద్దరూ పక్కపక్కన నిలబడితే అయిదు నిమిషాల పని. సారుకు నమస్కారాలు. ఆయన ఇబ్బంది నాకు అర్థమైంది.

నీ
మనీషా

*

మన ఊరు
8 సెప్టెంబరు 2025

మనీషాకు,

'బిడ్డా' అని ఎందుకు అనలేదో తెలుసుకో. ఆమెను వెంటబెట్టుకొని పొమ్మంటావా? నువ్వూ ఆ పార్టీలో కలిశావన్నమాట. పైగా ఒకే ఇంట్లో రెండు నల్లబిలాలు, కలవవు విడిపోవు, కోట్ల బరువు అని రాశావు. నేను అరవై కిలోలు. ఆమె సంగతి ఆమెను అడుగు.

రేకు ముక్క అందింది. విమానాల రోడ్డు మీద చెట్టు కింద టాక్సీ ఉంటే దాని అద్దాన్ని చూస్తూ తిప్పాను. నిజమే, మెరుపంతా పోయి లోపల డ్రైవరు కాళ్లు పైన పెట్టుకొని నిద్రపోతూ కనిపించాడు. అద్దం కొట్టి లేపాను. "ఏడికి పోవాలె అవ్వా?" అన్నాడు. "ఏడికి లేదు. నువ్వున్నవా లేవా అని చూసిన, పండుకో" అన్నాను. తర్వాత ఇంటికి వచ్చి గోడ మీది నుంచి మీ చిన్న నాయనమ్మను చూస్తూ తిప్పాను. ఎటు తిప్పినా పోలేదు.

ఇక అసలు సంగతి. నీ ఉత్తరం చదువుతూ సారు చివర ఒక వాక్యం మింగాడు. నాకు చదువు రాదు గానీ చెవులున్నాయి. "మళ్ల చదువు" అన్నాను. "ఆయన ఇబ్బంది నాకు అర్థమైంది" అని చదివి నీళ్లడిగాడు. ఏం ఇబ్బంది అంటే, బీపీ అన్నాడు. నమ్మాను.

మొన్న, సారు చేత రాయించి ఇచ్చిన నా దరఖాస్తు ఏమైందని అడగడానికి బడికి పోతే సునీత టీచరు రెండు దరఖాస్తులు బయటికి తీసింది. "నువ్వే రెండుసార్లు ఇచ్చినవు గదవ్వా. ఒకటే పేరు, ఒకటే ఇల్లు, ఒకటే తీరు తిట్లు, ఆఖరికి చేతిరాత గూడ ఒకటే" అన్నది. ఆ చేతిరాత ఎవరిదో నీకు చెప్పనక్కరలేదు. ఇద్దరమని చెప్పడానికి రాయించిన కాగితాలే ఒక్కరమని సాక్ష్యం పలికాయి. పైన ఎర్ర సిరాతో కొట్టేసి, ఇంటికి వచ్చి విచారణ చేస్తామని రాశారట.

గోడ అవతలికీ ఈయనే రాశాడు. చాయ్ నా ఇంట్లో, సకినాలు ఆ ఇంట్లో. ఈ మాటలు కూడా ఆయన చేతే రాయిస్తున్నాను, ఒక్క అక్షరం ఇస్త్రీ చేయవద్దని చెప్పాను: "సారూ, నువ్వు రెండు నాల్కల మనిషివి. నీకు సిగ్గు లేదు." రాశాడు. చదివించుకొని విన్నాను. సరిగానే ఉంది. వేరే రాసేవాడు దొరికితే నిన్ననే మార్చేదాన్ని.

మీ ప్రొఫెసరుది ఏ ఊరు? ఆడపిల్ల రెండు అంటుంటే ఒకటి అని ఎట్లా అంటాడు? వాళ్ల అమ్మ ఉంటే నంబరు పంపు, మాట్లాడతాను.

ఒక్కటి చెప్పు. రెండూ ఎప్పుడూ విడివిడిగా కనబడకపోతే నువ్వు రెండు అని ఎట్లా పట్టుకుంటావు? కోపం ఉంది గానీ విచారణ కూడా దగ్గరికి వచ్చింది.

పెద్ద దుర్గవ్వ (వేలిముద్ర)
రాసింది: పట్టాభిరామయ్య

*

నైనితాల్ జిల్లా, కొండ మీద
19 సెప్టెంబరు 2025

నాయనమ్మా,

తప్పయింది. కలిసి పొమ్మని ఇక అనను. బిలాల మాట మిమ్మల్ని అన్నది కాదు. మా ప్రొఫెసర్ వాళ్లమ్మ నంబరు మాత్రం పంపను. వానలు వెళ్లాక దూరదర్శినిలో చూసుకోవడానికి నాకు ఆరు రాత్రులు ఇచ్చేది ఆయనే.

నువ్వు అడిగిన ప్రశ్న మా సెమినార్లో కూడా ఎవరూ అంత సూటిగా అడగలేదు. జవాబు ఏమిటంటే, నేను ఆ రెండింటినీ చూడను. వాటి చుట్టూ ఉన్నదాన్ని చూస్తాను.

వాటి చుట్టూ వాయువు, దుమ్ము ఒక పెద్ద చుట్టలాగా ఉంటాయి. నడుమ మంట వెలుగు ఆ చుట్టకు తగిలి మళ్లి మన వైపు వస్తుంది. నడుమ ఒక్కటే ఉండి, కదలకుండా కూర్చుంటే చుట్ట అన్ని పక్కలా ఒకే తీరుగా వెలుగుతుంది. మళ్లిన వెలుగు వాలు కూడా ఏళ్ల తరబడి మారకుండా ఉంటుంది. రెండు ఉండి తిరుగుతుంటే? ఒకసారి చుట్టలో ఈ పక్కకు ఎక్కువ వెలుగు పడుతుంది, తర్వాత ఆ పక్కకు. అప్పుడు వాలు ఇటు ఒరుగుతుంది, అటు ఒరుగుతుంది, మళ్లీ ఇటు. లెక్క తప్పకుండా. ఆ ఊపు దొరికితే లోపల రెండు ఉన్నట్టే. అవి వచ్చి నా ముందు పక్కపక్కన నిలబడక్కరలేదు.

ఒక్క ఊపు చాలదు. మబ్బు వల్ల, దుమ్ము వల్ల, నా పొరపాటు వల్ల కూడా ఒకసారి ఒరగవచ్చు. అందరినీ, అన్ని పక్కలనుంచీ, మళ్లీ మళ్లీ చూడాలి.

సారును ఎక్కువ తిట్టకు. నా ఉత్తరం చదివేది ఆయనే.

నీ
మనీషా

*

మన ఊరు
4 అక్టోబరు 2025

బిడ్డా మనీషా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివించుకున్నాను. మొదటిసారి ఏమీ తెలియలేదు. రెండోసారి సారుకు తెలిసింది. మూడోసారి చుట్ట అంటే మన గల్లీ అని నాకు తెలిసింది.

నిన్న సునీత టీచరు రిజిస్టరు పట్టుకొని విచారణకు వచ్చింది. నేను నా గడపలో కూర్చున్నాను. మీ చిన్న నాయనమ్మ లోపలే ఉండి కిటికీ తలుపు వేలంత తెరిచి పెట్టుకుంది. టీచరు, "ఇద్దర్ని ఒక్కసారి బయటికి రమ్మను" అన్నది. "గామె రాదు. నేను పిలువ. నువ్వు మమ్ముల చూడకు టీచరమ్మా, గల్లీని చూడు" అన్నాను. శంకరయ్యను ముందు నిలబెట్టాం. "దుర్గవ్వలు ఎందరు?" అని టీచరు అడిగింది. నేను ఆపాను. "గట్ల అడిగితే ఎవలు చెప్పరు. దుర్గవ్వ చేతి కూర ఎట్లుంటది అని అడుగు" అన్నాను.

శంకరయ్య నా గడప వైపు చూశాడు. మెడ తిప్పి ఆ కిటికీ వైపు చూశాడు. మళ్లీ నా వైపు. "నేను డాక్టర్ చెప్పిన కాడి నుంచి కూరలే తింట లేనమ్మా" అన్నాడు.

తర్వాత జాకెట్లు కుట్టే పూర్ణిమ. ఆమె ఇల్లు అటు చివర కనుక ముందు ఆ కిటికీ, తర్వాత నా గడప, మళ్లీ ఆ కిటికీ. "మంచిగుంటది... అంటే, ఉప్పు కారం ఎవలి ఇష్టం వాళ్లది" అన్నది. రేషన్ డీలరు చెన్నయ్యను అడిగితే మెడ రెండు దిక్కులా తిప్పి, దుకాణంలో పని ఉందని పోయాడు. చివరకు పట్టాభిరామయ్య సారును అడిగింది. ఆయన మెడ తిప్పలేదు, నల్లద్దాలు తెచ్చి పెట్టుకున్నాడు. లోపల కళ్లు తిరగడం నాకు తెలియదా? (తిరిగిన మాట వాస్తవమే. ప.)

సారు కాక పదకొండు మందిని అడిగాం. పదకొండు మెడలూ ఇటూ అటూ ఊగాయి. "టీచరమ్మా, ఒక్కతే ఉంటే మెడ ఒక్క దిక్కే తిరగాలె గద? వీళ్లు రెండు దిక్కుల భయపడుతున్నరు" అన్నాను. సునీత టీచరు రిజిస్టరు మొహానికి అడ్డం పెట్టుకొని చాలాసేపు నవ్వింది. తర్వాత 'విచారణలో ఇద్దరు ఉన్నట్టు తేలినది' అని రాసింది. "కొట్టేసిన పేరు తిరిగి ఎక్కియ్యాలంటె కార్డులు పట్టుకొని బడికి రావాలె. ఆఖరి తారీఖు పదహారు" అని చెప్పి పోయింది.

కిటికీ తలుపు దబ్బున మూసిన చప్పుడు వినిపించింది. ఇవాళ పొద్దున ఆమె జల్‌పల్లిలో బిడ్డ దగ్గరికి పోయిందట. ఓడిపోయాక ఇక్కడ ఏం పని?

కొండ మీద చలి మొదలై ఉంటుంది. చెవులు కప్పుకో.

గెలిచిన మీ నాయనమ్మ
పెద్ద దుర్గవ్వ (వేలిముద్ర)

*

నైనితాల్ జిల్లా, కొండ మీద
11 అక్టోబరు 2025

నాయనమ్మా,

పదకొండు మెడల కథ మా క్యాంటీన్లో హిందీలో చెప్పాను. మా ప్రొఫెసర్ చాయ్ పక్కన పెట్టి మళ్లీ చెప్పమన్నారు.

మబ్బు విడిచింది. మొదటి రెండు రాత్రుల కొలతలు వచ్చాయి. పోయిన ఏడు ఒక వైపుకు ఒరిగిన వాలు ఈ ఏడు నేను ముందే లెక్కవేసి గీసిన గీత మీదుగానే వెనక్కు మళ్లింది. ప్రొఫెసర్ చాలాసేపు చూసి, "ఇంకో చుట్టు ఇలాగే తిరిగితే ఒప్పుకుంటాను" అన్నారు. ఒక చుట్టుకు మూడేళ్లు. ఒప్పుకోనని అనలేదు, అదే పెద్ద మాట.

కానీ ఒక అనుమానం. లిస్టులో ఒక్క దుర్గవ్వ మిగిలింది కదా, ఆ మిగిలింది నువ్వు కాదని ఎవరు చెప్పారు? నీ పాత ఓటరు కార్డు నంబరుతో ఎవరైనా పోల్చి చూశారా?

నీ
మనీషా

*

మన ఊరు
20 అక్టోబరు 2025

బిడ్డా,

నీ ఉత్తరం పదహారున పొద్దున వచ్చింది. ఆఖరి రోజు. నేను అప్పటికే కార్డు పైట కొంగులో కట్టుకొని బయలుదేరుతున్నాను. సారు చదువుతూ నడిచాడు, నేను వింటూ నడిచాను. నీ అనుమానం వినగానే, "పిచ్చి పిల్ల" అన్నాను.

సునీత టీచరు నా కార్డు నంబరు లిస్టులో పెట్టి చూసింది. మళ్లీ చూసింది. "అవ్వా, నీ పేరు పోనే లేదు. లిస్టుల ఉన్నది నువ్వే. పోయింది చిన్నవ్వది. ఇగ నీకు పనేం లేదు, ఇంటికి పో" అన్నది.

ఇంటికి పోదామని లేచాను. బడి గేటు దాకా వచ్చాను. రెండు నెలల నుంచి నా పేరు కోసం అనుకొని ఆమె పేరు కోసం కొట్లాడాను. నోరు మూసుకొని ఇంటికి పోతే చాలు. పదకొండేళ్ల నుంచి ఆమె లేనట్టే బతుకుతున్నాను, ఇప్పుడు సర్కారే లేదని రాసింది. గేటు పట్టుకొని అంతసేపు ఎందుకు నిలబడ్డానో నాకు తెలియదు. సారు గొడుగు పట్టుకొని నిలబడ్డాడు. వెనక్కు తిరిగి పోయి, "బడి ఎన్నింటికి మూస్తవు?" అని అడిగాను. "అయిదింటికి" అన్నది.

ఆటో మాట్లాడుకొని జల్‌పల్లి పోయాం. ఆమె వరండాలో చింతపండు గింజలు తీస్తోంది. నన్ను చూసి చెయ్యి ఆపలేదు. "నా పేరు కొట్టిపిచ్చినవు. ఇగ నన్ను కొట్టనీకె వచ్చినవా?" అన్నది. నేను, "ఎవలు కొట్టిపియ్యలే. మిషిను కొట్టింది. లే, అయిదింటికి బడి మూస్తరు" అన్నాను. "నా ఓటు ఉంటె నీకేంది, పోతె నీకేంది?" అన్నది.

ఆటోలో అంత దూరం వచ్చాను గానీ ఆ ప్రశ్నకు జవాబు ఆలోచించుకోలేదు. అందుకని నోటికి వచ్చింది అన్నాను. "నువ్వు లేకుంటె నేనెవలికి పెద్ద?" అన్నాను.

ఆమె గింజ తీయడం ఆపింది. "ఆ మాట నలుగురిల అనాలె" అన్నది. తగిన చెల్లెలే. బడికి వచ్చాక టీచరు, సారు, శంకరయ్య, ఊడ్చే ఆమె, నలుగురూ ఉన్నారు. ఆమె వేళ్ల మీద లెక్కపెట్టుకొని నా వైపు చూసింది. అన్నాను. శంకరయ్య కళ్లు తుడుచుకున్నాడు, వాడికి పడిశం కూడా ఉందిలే.

ఇంటి వాళ్లలో ఒకరు సాక్షిగా వేలిముద్ర వేయాలట. నా బొటనవేలు వేశాను. మళ్లీ మిషిను కలిపేయకుండా టీచరు ఆమె వాటాకు 4-17/ఏ అని నంబరు వేయించింది. ఏ అంటే ఇంగ్లీషు అక్షరాలన్నిటికీ ముందుదట, తనకే ఇచ్చారని మీ చిన్న నాయనమ్మ గల్లీ అంతా చెప్పుకుంటోంది. నేను సారును అడిగితే, తోక తగిలించిన నంబరే తర్వాతదన్నాడు. నాకు అది చాలు. ఆమెకు చెప్పకు.

ఇప్పుడు రోజూ మాటలున్నాయి. ఎక్కువగా కొట్లాటే. రేషన్ డీలరు చెన్నయ్య సర్పంచ్‌కు నిలబడ్డాడు. ఆమె అతనికే వేస్తానంటోంది. మెడ తిప్పి పారిపోయిన వాడికి నేను వేయను, అవతలి వాడికి వేస్తాను. నిన్న పాలు పోస్తూ శంకరయ్య, "పెద్దవ్వా, గింత కొట్లాడి ఆమె ఓటు తెచ్చినవు. ఆమె ఓటు నీ ఓటును కొట్టేస్తది. ఇద్దరివి కలిపితె సున్నా" అని నవ్వాడు.

"సున్నా అయితె కానీ. అండ్ల ఇద్దరం ఉన్నం గద" అన్నాను.

చెప్పింది: పెద్ద దుర్గవ్వ (వేలిముద్ర)
పక్కన కూర్చొని అడ్డం మాట్లాడింది: చిన్న దుర్గవ్వ (వేలిముద్ర)
ఇద్దరికీ కలిపి ఒకేసారి రాసింది: పట్టాభిరామయ్య